2147483647: ఒక పెద్ద ప్రధాన సంఖ్య కథ

పిల్లలూ! ఈ వ్యాసం చదివేటప్పుడు కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మీకు ఒక సంఖ్య కథ చెబుతాను. ఆ సంఖ్య 214,74,83,647. అంటే రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. దీన్ని 1 తోనూ, మళ్ళీ దానితోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించలేం. ఈ సంగతిని 1772లో లెనార్డ్ ఆయిలర్ అనే గణితవేత్త రుజువు చేశాడు. అప్పటికి ఆయనకు కంటిచూపు దాదాపు పూర్తిగా పోయింది. కంప్యూటరు లేదు, కాలిక్యులేటరు లేదు. లెక్క మనసులో వేసుకొని, పక్కనున్నవారి చేత రాయించేవాడు.

మరి 214 కోట్ల పైచిలుకు సంఖ్యకు కారణాంకాలే లేవని ఆయన ఎలా తెలుసుకున్నాడు? చిన్న సంఖ్యలన్నింటితోనూ వరుసగా భాగించి చూశాడా? లేదు. భాగహారాలు చేయవలసిన పని చాలా భాగం తప్పించుకున్నాడు. ఎలా తప్పించుకున్నాడో మనమూ నేర్చుకోవచ్చు. గుణకారం, భాగహారం వస్తే చాలు. దారిలో పావులూరి మల్లన దగ్గరకు ఒకసారి, మన కడప జిల్లా కల్లూరుకు ఒకసారి వెళ్ళి వద్దాం.

బండల లెక్క

మన వైపు ఇళ్ళలో నేలకు పరిచే కడప బండలు మీరందరూ చూసే ఉంటారు. ఒకే కొలత గల చదరపు బండలు 12 ఉన్నాయనుకోండి. వాటిని దీర్ఘచతురస్రంగా పరచాలి. ఒకే వరుసలో 12 పరచవచ్చు. రెండు వరుసల్లో ఆరేసి, లేదా మూడు వరుసల్లో నాలుగేసి పరచవచ్చు. ఇప్పుడు ఇంకొక బండ తెచ్చి 13 చేయండి. ఎన్ని విధాల ప్రయత్నించినా ఒకే వరుస తప్ప మరో దారి లేదు. 12 సంయుక్త సంఖ్య, 13 ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23... ఇవన్నీ ప్రధాన సంఖ్యలు. 1ని మాత్రం ఏ జాబితాలోనూ చేర్చరు.

ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ సుమారు 2300 ఏళ్ళ క్రితమే నిరూపించాడు. కాని అంతం లేదని తెలిసినంత మాత్రాన ఒక పెద్ద ప్రధాన సంఖ్య మన చేతికి రాదు. ఇచ్చిన సంఖ్య ప్రధానమో కాదో తేల్చుకోవాలి.

తేల్చే పద్ధతి మీకు తెలిసిందే. 97 తీసుకోండి. 2, 3, 5, 7 లతో భాగించి చూస్తే చాలు. 11 దాకా పోనక్కరలేదు. ఎందుకంటే 11 × 11 = 121, అది 97ను దాటిపోయింది. 97కు 11 గాని అంతకంటె పెద్దది గాని కారణాంకమైతే, దానికి జతగా 11 కంటె చిన్న కారణాంకం ఉండి తీరాలి. అది ఉంటే మనకు ముందే దొరికేది. కాబట్టి వర్గమూలం దాకా వెళ్ళి ఆగిపోవచ్చు.

మన సంఖ్య వర్గమూలం 46,340 కంటె కొంచెం ఎక్కువ. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలు 4,700కు పైగా ఉన్నాయి. ఒక్కొక్క భాగహారానికి పది నిమిషాలు వేసుకుంటే, రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా సుమారు వంద రోజులు పడుతుంది. మధ్యలో ఒక్క శేషం తప్పితే శ్రమంతా వృథా. ఈ అడ్డంకిని మనసులో పెట్టుకొని ముందుకు సాగుదాం.

చదరంగం గళ్ళలో గింజలు

మన సంఖ్య ఎలా పుట్టిందో చూద్దాం. చదరంగం పలకలో మొదటి గడిలో ఒక జొన్న గింజ, రెండవ గడిలో 2, మూడవ గడిలో 4, నాలుగవ గడిలో 8, ఇలా రెట్టిస్తూ పోయే కథ మీరు వినే ఉంటారు. ఒక గడి నిండితే మొత్తం గింజలు 1. రెండు గళ్ళు నిండితే 3. మూడు నిండితే 7. తరువాత 15, 31, 63, 127... ప్రతిసారీ మొత్తం, రాబోయే గడిలో పెట్టవలసిన దానికి ఒకటి తక్కువ. 31 గళ్ళు నిండేసరికి మొత్తం గింజలు 2³¹ − 1. లెక్క కట్టి చూడండి. అదే మన 214,74,83,647.

64 గళ్ళూ నిండితే ఎంత? ఈ లెక్క తెలుగువారికి కొత్త కాదు. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని సుమారు తొమ్మిది వందల ఏళ్ళ క్రితం పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. చదరంగం గళ్ళ మొత్తాన్ని చెప్పే పద్యం ఒకటి మల్లన పేరు మీద ప్రసిద్ధంగా ఉంది. అందులో అంకెలకు బదులు మాటలు వాడారు. చంద్రుడంటే 1, వేదాలు నాలుగు కాబట్టి వేదమంటే 4, ఆకాశం శూన్యం కాబట్టి గగనమంటే 0. మాటలను అంకెలుగా మార్చి, చివరినుంచి మొదటికి రాసుకుంటే 20 అంకెల సంఖ్య వస్తుంది: 18446744073709551615. ఇది 2⁶⁴ − 1. ఒక్క అంకె కూడా తప్పు లేదు.

ఈ సంఖ్య ప్రధానమా? చివర 5 ఉంది కాబట్టి కాదని మీరు వెంటనే చెప్పేస్తారు. సరే, మరి ఏ గడి దగ్గర ఆగితే ప్రధాన సంఖ్య వస్తుంది? చిన్న పట్టిక వేసి చూద్దాం.

2² − 1 = 3, ప్రధానం
2³ − 1 = 7, ప్రధానం
2⁴ − 1 = 15 = 3 × 5
2⁵ − 1 = 31, ప్రధానం
2⁶ − 1 = 63 = 7 × 9
2⁷ − 1 = 127, ప్రధానం
2⁸ − 1 = 255 = 15 × 17
2⁹ − 1 = 511 = 7 × 73
2¹⁰ − 1 = 1023 = 31 × 33

పైన ఘాతాంకాలను చూడండి. 4, 6, 8, 9, 10 అనే సంయుక్త సంఖ్యల దగ్గర ఫలితమూ సంయుక్తమే అయింది. ఇది కాకతాళీయం కాదు. మనకు అలవాటైన 999999 తీసుకోండి. అందులో ఆరు తొమ్మిదులున్నాయి. మూడేసి చొప్పున విడదీస్తే 999 × 1001 అవుతుంది. రెండేసి చొప్పున విడదీస్తే 99 × 10101 అవుతుంది. రెట్టింపుల లెక్కలోనూ ఇదే జరుగుతుంది. 2, 4, 8, 16లనే స్థానాలుగా తీసుకొని 1, 0 అనే రెండంకెలతోనే రాసే ద్విసంఖ్యామానంలో 63ను 111111 అని రాస్తాం. ఆరు ఒకట్లు. దీన్ని 111 × 1001 గా విడదీయవచ్చు. అంటే 7 × 9. ఒకట్లను సమాన జట్లుగా విడదీయగలిగితే సంఖ్య కూడా విడిపోతుంది. జట్లుగా విడిపోకుండా ఉండాలంటే ఒకట్ల లెక్క, అనగా ఘాతాంకం, ప్రధాన సంఖ్య కావాలి.

మల్లన సంఖ్యలో 64 ఒకట్లున్నాయి కాబట్టి అది ఎన్నో విధాల విడిపోతుంది. పూర్తిగా విడదీస్తే 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. వీటిలో 641 × 6700417 అనే జత 2³² + 1కు సమానం. ఆ 2³² + 1 ప్రధాన సంఖ్య అని ఫెర్మా నమ్మాడు. కాదని, 641తో విడిపోతుందని 1732లో చూపించినవాడు కూడా ఆయిలరే.

కల్లూరు సంఖ్య

ఇక మన జిల్లాకు వద్దాం. పెన్న ప్రొద్దుటూరు దాటి మా చెన్నూరు వైపు వస్తుంది కదా. ఆ ప్రొద్దుటూరుకు దగ్గరలోనే కల్లూరు అనే పల్లె ఉంది. 1907లో అక్కడ లక్కోజు సంజీవరాయశర్మ గారు పుట్టారు. పుట్టుకతోనే ఆయనకు చూపు లేదు. ఆయన గణితావధానిగా పేరు పొందారు. సభలో ఎవరు ఏ పెద్ద లెక్క అడిగినా కాగితం కలం లేకుండా మనసులోనే కట్టి చెప్పేవారు. వయొలిన్ కూడా వాయించేవారు. ఆయన అవధానాల గురించి మనవాళ్ళు ఇప్పటికీ చెప్పుకొనే ప్రశ్న ఒకటుంది. హైదరాబాదు సభలో 2 పవర్ 103 ఎంత అని అడిగారు. అంటే 103 రెళ్ళను గుణించాలి. ఆయన చెప్పిన జవాబు 32 అంకెల సంఖ్య:

10141204801825835211973625643008

ఇది సరైనదేనా? మొత్తం గుణకారం చేయకుండానే మీరు కొంతవరకు సరిచూడవచ్చు. రెట్టింపుల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసి చొప్పున తిరుగుతాయి. 103ను 4తో భాగిస్తే శేషం 3, కాబట్టి చివరి అంకె 8 కావాలి. అయింది. ఇంకొక పరీక్ష. రెట్టింపులను 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరేసి చొప్పున తిరుగుతాయి. 103ను 6తో భాగిస్తే శేషం 1, కాబట్టి మన సంఖ్యను 9తో భాగిస్తే శేషం 2 రావాలి. అంకెలన్నీ కూడండి. 110 వస్తుంది. దాన్ని 9తో భాగిస్తే శేషం 2. ఇదీ సరిపోయింది. ఈ రెండు పరీక్షలు మాత్రమే చాలవు. కాని తప్పు జవాబు చాలాసార్లు వీటి దగ్గరే పట్టుబడుతుంది. ఓపిక ఉన్నవారు మొత్తం గుణించి చూడండి, అంకె అంకె సరిపోతుంది.

ఈ సంఖ్యలోంచి ఒకటి తీసేద్దాం. 103 ప్రధాన సంఖ్య. మరి 2¹⁰³ − 1 ప్రధానమవుతుందా? ఇక్కడ జాగ్రత్త! ఘాతాంకం సంయుక్తమైతే ఫలితం తప్పక సంయుక్తం అని మాత్రమే మనం చూశాం. ఘాతాంకం ప్రధానమైతే ఫలితం ప్రధానమే అని ఎక్కడా చెప్పలేదు. 11 దగ్గరే ఈ ఆశ తెగిపోతుంది. 2¹¹ − 1 = 2047 = 23 × 89. అలాగే 2¹⁰³ − 1 కూడా విడిపోతుంది:

2550183799 × 3976656429941438590393

ఒక విషయం గమనించారా? ఈ రెండు సంఖ్యలను గుణించడం ఒక పూట పని. కాని గుణించిన ఫలితం మాత్రమే చేతికిచ్చి ఆ రెండు సంఖ్యలను కనుక్కోమంటే? వెళ్ళే దారి సులువు, తిరిగివచ్చే దారి కష్టం. ఈ తేడాకు చివరలో ఒక పెద్ద ఉపయోగం చెబుతాను.

శేషాల చక్రం

ఇప్పుడు ఆయిలర్ రహస్యం దగ్గరకు వచ్చాం. 23ను తీసుకొని రెట్టింపులను దానితో భాగిస్తూ శేషాలు రాయండి. రెట్టించడం, 23 దాటితే 23 తీసేయడం, అంతే.

2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1

పదకొండవ మెట్టులో 1 వచ్చింది. ఆపైన మళ్ళీ 2, 4, 8 అని అదే చక్రం. పదకొండవ మెట్టులో శేషం 1 అంటే 2¹¹లోంచి ఒకటి తీసేస్తే 23తో నిశ్శేషంగా భాగింపబడుతుందన్న మాట. ఇప్పుడు 89తో చేయండి.

2, 4, 8, 16, 32, 64, 39, 78, 67, 45, 1

ఇదీ పదకొండే! 7తో చేస్తే 2, 4, 1 అని మూడు మెట్ల చక్రం.

ఈ చక్రాల పొడవు గురించి 1640 నాటికే ఫెర్మా ఒక నియమం గమనించాడు. ఏ బేసి ప్రధాన సంఖ్యతో భాగించినా, చక్రం పొడవు ఆ సంఖ్యకు ఒకటి తక్కువైన దాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. 7కు ఒకటి తక్కువ 6, చక్రం 3. 23కు ఒకటి తక్కువ 22, చక్రం 11. 89కి ఒకటి తక్కువ 88, చక్రం 11. దీన్ని కూడా ఆయిలరే తరువాత నిరూపించాడు. మీరు 5, 11, 13, 17లతో చక్రాలు వేసి సరిచూసుకోండి.

ఇక తర్కం చూడండి. మన సంఖ్య 2³¹ − 1కు ఒక ప్రధాన కారణాంకం ఉందనుకుందాం. అప్పుడు 2³¹ను దానితో భాగిస్తే శేషం 1. అంటే 31వ మెట్టులో చక్రం 1 దగ్గర ఉండాలి. కాబట్టి చక్రం పొడవు 31ని నిశ్శేషంగా భాగించాలి. 31 ప్రధానం గనుక పొడవు 1 గాని 31 గాని కావాలి. పొడవు 1 అయితే మొదటి మెట్టులోనే, అంటే 2ను భాగించగానే, శేషం 1 రావాలి. అది కుదరదు. కాబట్టి చక్రం పొడవు 31. ఫెర్మా నియమం ప్రకారం ఆ కారణాంకానికి ఒకటి తక్కువైన సంఖ్యను 31 భాగించాలి. కారణాంకం బేసి కాబట్టి ఒకటి తక్కువైనది సరి సంఖ్య. అందుచేత దాన్ని 62 కూడా భాగిస్తుంది.

చూశారా! కారణాంకం ఉంటే అది 62 గుణిజానికి ఒకటి ఎక్కువై ఉండాలి. 3, 5, 7, 11, 13... ఇవన్నీ పరీక్ష లేకుండానే తొలగిపోయాయి.

ఇంకొక జల్లెడ కూడా ఉంది. ఇలాంటి కారణాంకాన్ని 8తో భాగిస్తే శేషం 1 గాని 7 గాని రావాలి. దీని నిరూపణ మీరు పై తరగతుల్లో చదువుతారు. ఇప్పటికి మన దగ్గరున్న ఉదాహరణలతో సరిచూడండి: 23కు శేషం 7, 89కి శేషం 1. రెండు జల్లెడలూ కలిపితే, కారణాంకాన్ని 248తో భాగించినప్పుడు 1 గాని 63 గాని మిగలాలి. ఆ వరుస ఇలా ఉంటుంది:

63, 249, 311, 497, 559, 745, 807, 993, 1055, 1241, 1303, 1489...

వీటిలో ప్రధానం కానివాటిని తీసేయవచ్చు. 63 = 7 × 9. 249 = 3 × 83. కాబట్టి మొట్టమొదట నిజంగా భాగించి చూడవలసింది 311తో! 214,74,83,647ను 311తో భాగిస్తే 69,05,092 సార్లు పోయి 35 మిగులుతుంది. అది కారణాంకం కాదు. తరువాత 497 = 7 × 71, 559 = 13 × 43. ఇలా తీసేస్తూ పోతే రెండవ పరీక్ష 1303తో, మూడవది 1489తో. 1500 లోపల రెండు వందలకు పైగా ప్రధాన సంఖ్యలున్నాయి. మనం చేసిన భాగహారాలు మూడే!

46,340 దాకా ఈ వరుసలో ఉన్న సంఖ్యలు మొత్తం 373. ప్రధానం కానివి తీసేస్తే వందలోపే మిగులుతాయి. పది నిమిషాలకొక భాగహారం చొప్పున వంద రోజులు పడుతుందనుకున్న పని రెండు మూడు రోజులకు దిగివచ్చింది. ఒక్కదానితోనూ శేషం సున్నా రాలేదు. కాబట్టి 2³¹ − 1 ప్రధాన సంఖ్య. ఆయిలర్ నడిచిన దారి ఇదే. సంజీవరాయశర్మ గారిలాగే ఆయన కూడా మనసులో పెద్ద పెద్ద లెక్కలు కట్టగలిగినవాడు. అయినా బుద్ధిబలం అంతటినీ గుణకారాల మీద ఖర్చు పెట్టకుండా, ముందు ఏ లెక్కలు అక్కరలేదో తేల్చుకున్నాడు.

మెర్సెన్ జాబితా, కోల్ మౌనం

రెట్టింపులకు ఒకటి తక్కువైన ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. మారిన్ మెర్సెన్ ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి. 257 వరకు గల ఘాతాంకాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 దగ్గర మాత్రమే ప్రధాన సంఖ్యలు వస్తాయని 1644లో ప్రకటించాడు. కాని వాటన్నింటినీ సరిచూడడం ఆ రోజుల్లో ఎవరికీ సాధ్యం కాని పని. 103 ఆయన జాబితాలో లేదు, అది సరే. కాని జాబితాలో ఉన్న 67, 257 తప్పు. ప్రధాన సంఖ్యలనిచ్చే 61, 89, 107 జాబితాలో లేవు. ఈ జాబితాలోని తప్పులన్నీ తేలడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. గొప్పవాడు చెప్పాడు కదా అని గణితం ఏ మాటనూ ఒప్పుకోదు.

67 సంగతి ముచ్చటైనది. 1903 అక్టోబరులో అమెరికన్ గణిత సంఘం సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ఆచార్యుడు బల్ల దగ్గరకు వెళ్ళి, ఒక పక్క 2⁶⁷ − 1 విలువ కట్టాడట. రెండవ పక్క 193707721 × 761838257287 అని రాసి గుణించాడట. రెండు పక్కలా ఒకే సంఖ్య వచ్చింది: 147573952589676412927. ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళి కూర్చున్నాడని చెబుతారు. మాట్లాడవలసిన అవసరం ఏముంది? మన జల్లెడ ఇక్కడా పనిచేస్తుంది. 193707721లోంచి ఒకటి తీసి 134తో, అంటే రెండు అరవై ఏడులతో, భాగించి చూడండి.

భాగించకుండానే తీర్పు

ఆశ్చర్యమేమిటంటే, 2⁶⁷ − 1 సంయుక్తమని కోల్ కంటె ముందే, 1876లో, ఫ్రాన్సుకు చెందిన ఎడ్వర్డ్ లూకాస్ చెప్పాడు. కాని కారణాంకాలు ఏవో ఆయన చెప్పలేదు. కారణాంకాలు తెలియకుండానే సంయుక్తమని తేల్చే పరీక్ష ఒకటి ఆయన కనిపెట్టాడు. 1930లో అమెరికాకు చెందిన లెహ్మర్ దాన్ని సులువు చేశాడు. మీరూ చేయగలరు.

4తో మొదలుపెట్టండి. దాన్ని వర్గం చేసి 2 తీసేయండి. వచ్చినదాన్ని మీరు పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. మళ్ళీ వర్గం, మళ్ళీ 2 తీసివేత, మళ్ళీ శేషం. ఘాతాంకానికి రెండు తక్కువైనన్ని సార్లు చేయండి. చివర సున్నా వస్తే ప్రధానం, రాకపోతే సంయుక్తం. 2 తప్ప మిగిలిన ప్రధాన ఘాతాంకాలన్నింటికీ ఇది చెల్లుతుంది.

2⁷ − 1 = 127కు అయిదు సార్లు చేయాలి: 4 నుంచి 14, 67, 42, 111, 0. సున్నా వచ్చింది, 127 ప్రధానం. 2¹¹ − 1 = 2047కు తొమ్మిది సార్లు: 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. సున్నా రాలేదు, కాబట్టి సంయుక్తం. 23 పేరు గాని 89 పేరు గాని ఎక్కడా రాలేదు, గమనించారా?

ఆ 1876లోనే లూకాస్ తన పద్ధతితో 2¹²⁷ − 1 ప్రధానమని తేల్చాడు. దానిలో 39 అంకెలున్నాయి: 170141183460469231731687303715884105727. 1951 దాకా మనుషులకు తెలిసిన ప్రధాన సంఖ్యలలో అదే పెద్దది. ఆ తరువాత ఈ పని యంత్రాల చేతిలోకి వెళ్ళింది. 2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో 4,10,24,320 అంకెలున్నాయి. పేజీకి మూడు వేల అంకెల చొప్పున అచ్చువేస్తే పదమూడు వేల పేజీలు దాటుతుంది. ఆ సంఖ్యకు కూడా మీరు పైన చేసిన వర్గం, తీసివేత, శేషం పరీక్షే పెట్టారు.

ఇది దేనికి పనికివస్తుంది?

6కు దానికంటె చిన్న భాజకాలు 1, 2, 3. వాటి మొత్తం 6. 28కి 1, 2, 4, 7, 14. మొత్తం 28. వీటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్య ఒక పరిపూర్ణ సంఖ్యనిస్తుంది. 3 × 2 = 6, 7 × 4 = 28, 31 × 16 = 496. మన సంఖ్యను 2³⁰తో గుణిస్తే 2305843008139952128 అనే పరిపూర్ణ సంఖ్య వస్తుంది.

తెలుగువారిలోనూ ఈ పరిపూర్ణ సంఖ్యల వెంట నడిచినవారున్నారు. గుంటూరు జిల్లా యాజలిలో పుట్టి, కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారు (1921–2006) వారెన్ అనే ఆయనతో కలిసి 1966లో ఒక కొత్త ప్రశ్న వేశారు. భాజకమూ దాని జతా ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా, అంటే వాటి గ.సా.భా. 1గా ఉన్న భాజకాలను మాత్రమే కూడితే? 60కి అటువంటివి 1, 3, 4, 5, 12, 15, 20. మొత్తం 60! ఇటువంటి సంఖ్యలు ఇప్పటికి అయిదే తెలుసు. ఆరవది ఉందో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు.

1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితవేత్త, ఆయిలర్ ఇచ్చిన పరిపూర్ణ సంఖ్యే ఎప్పటికీ పెద్దదిగా మిగిలిపోతుందని రాశాడు. ఎందుకంటే ఇవి వింతలే గాని పనికివచ్చేవి కావు, ఇంతకంటె ముందుకు పోవడానికి ఎవరు శ్రమపడతారు అన్నాడు. పాపం, రెండు విధాలా ఆయన అంచనా తప్పింది.

ద్విసంఖ్యామానంలో మన సంఖ్య 31 ఒకట్లు. కంప్యూటర్లు చాలా కాలం పూర్ణసంఖ్యలను 32 స్థానాలలో దాచుకొనేవి. ఒక స్థానం ధన, రుణ గుర్తుకు పోతే మిగిలినవి 31. కాబట్టి అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2147483647. 2014లో యూట్యూబులో ఒక కొరియా పాట చూసినవారి లెక్క దీన్ని దాటితే, లెక్కపెట్టే స్థానాలను పెంచవలసి వచ్చింది. చాలా యంత్రాలు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టి కాలం చెబుతాయి. ఆ లెక్క మన కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు సరిగ్గా 2147483647 అవుతుంది. 32 స్థానాల లెక్క ఉన్న పాత యంత్రాలను ఆలోపల మార్చుకోవాలి. అప్పటికి ఆ పని చేసేవాళ్ళలో మీరూ ఉండవచ్చు.

ఇక ఇందాక చెబుతానన్న ఉపయోగం. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం సులువు, విడదీయడం కష్టం అని చూశాం కదా. 1977లో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ అనే ముగ్గురు ఈ తేడా మీదనే ఒక రహస్యలిపి పద్ధతిని కట్టారు. గుణించిన ఫలితాన్ని అందరికీ చూపించవచ్చు, కాని కారణాంకాలు తెలిసినవాడే సందేశాన్ని విప్పగలడు. అంతర్జాలంలో మన రహస్యాలను కాపాడుతూ వస్తున్న పద్ధతులలో ఇది ఒకటి.

చేసి చూడండి

1. 2¹³ − 1 = 8191. దీని వర్గమూలం 91 లోపల. కారణాంకం 26 గుణిజానికి ఒకటి ఎక్కువ కావాలి, 8తో భాగిస్తే 1 గాని 7 గాని మిగలాలి. ఎన్ని సంఖ్యలు మిగులుతాయి? (ఒక్కటే మిగలాలి. దానితో భాగిస్తే శేషం 54 వస్తుంది.)

2. 2¹⁷ − 1 = 131071. ఇది ప్రధానమని మూడే మూడు భాగహారాలతో తేల్చండి. ఆ మూడు సంఖ్యలు ఏవి?

3. 2²³ − 1 = 8388607. ఇది సంయుక్తం. జల్లెడ పట్టిన తరువాత మొదటి భాగహారంలోనే కారణాంకం దొరుకుతుంది. దొరికిందా?

4. సుబ్బారావు గారి పద్ధతిలో 90ని పరీక్షించండి.

5. 2²⁹ − 1 = 536870911. ఇది మూడు ప్రధాన సంఖ్యల లబ్ధం. మొదటిది 300 లోపలే ఉంది. మిగిలిన రెండూ కూడా కనుక్కొన్నవారు తమ లెక్కల మాస్టారికి చూపించండి.